సింథటిక్ ఎపర్చర్ అల్ట్రాసౌండ్ చిత్రణ

సింథటిక్ ఎపర్చర్ అల్ట్రాసౌండ్ చిత్రణ అనగా ప్రోబ్‌లోని చిన్నచిన్న భాగాల నుండి అతిధ్వని తరంగాలను విడివిడిగా శరీరంలోకి పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనులన్నిటినీ భద్రపరచి, తరువాత గణన ద్వారా వాటిని కలిపి స్పష్టమైన బొమ్మను తయారుచేసే పద్ధతి. సాధారణ స్కానింగ్‌లో తరంగం శరీరంలోకి వెళ్ళకముందే దానిని ఏ లోతున కేంద్రీకరించాలో నిర్ణయించాలి. ఈ పద్ధతిలో ఆ నిర్ణయం తరంగం తిరిగివచ్చిన తరువాత, కంప్యూటరులో జరుగుతుంది. అందువలన బొమ్మలోని ప్రతి బిందువూ, పైపొరలలో ఉన్నా లోతున ఉన్నా, కేంద్రీకరించినట్లే కనబడుతుంది.

ఎపర్చర్ అనే మాటకు తెలుగులో ద్వారం అనవచ్చు. కెమెరాలో కాంతి ప్రవేశించే రంధ్రాన్ని ఇలాగే పిలుస్తారు. అల్ట్రాసౌండ్ విషయంలో ద్వారం అంటే తరంగాలను పంపే, స్వీకరించే ఉపరితలపు వెడల్పు. సింథటిక్ అనే మాటకు కృత్రిమం అనే అర్థం కన్నా సంశ్లేషితం, అంటే ముక్కలను కూర్చి తయారుచేసినది అనే అర్థమే ఇక్కడ సరిపోతుంది. ద్వారం నకిలీది కాదు. అది ఒకేసారి కాక విడతలవారీగా పనిచేస్తుంది, అంతే.

నేపథ్యం

కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మధ్య విద్యుత్ పీడనం పుడుతుంది. ఈ విషయాన్ని 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు కనుగొన్నారు. దీనికి విపర్యయంగా, విద్యుత్ పీడనాన్ని ప్రయోగిస్తే ఆ స్ఫటికాలు కంపిస్తాయి. స్కానింగ్ చేసేటప్పుడు జెల్ రాసి చర్మానికి ఆనించే ప్రోబ్‌లో ఇటువంటి గుణం గల పింగాణీ పదార్థపు సన్నని పట్టీలు వరుసగా ఉంటాయి. వీటిని ఈ వ్యాసంలో ఘటకాలు అందాం. ఒక్కొక్క ప్రోబ్‌లో 128 లేదా 192 ఘటకాలు ఉండటం మామూలు. ఒక్కొక్క ఘటకం వెడల్పు మిల్లీమీటరులో మూడవ వంతుకు అటుఇటుగా ఉంటుంది.

మెత్తని కణజాలంలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. పౌనఃపున్యం 5 మెగాహెర్ట్జ్ అయితే తరంగదైర్ఘ్యం 0.31 మి.మీ. అవుతుంది. పంపిన స్పందం ఒక అవయవపు సరిహద్దును తాకి కొంత వెనుకకు వస్తుంది. అది రావడానికి పట్టిన కాలాన్ని బట్టి ఆ సరిహద్దు ఎంత లోతున ఉన్నదో తెలుస్తుంది. బావిలో రాయి వేసి చప్పుడు వినబడే వరకు లెక్కపెట్టి లోతును అంచనా వేయడం వంటిదే ఇది. ఇక్కడ కాలం మైక్రోసెకనులలో ఉంటుంది: ప్రతి సెంటీమీటరు లోతుకు రానూపోనూ 13 మైక్రోసెకనులు.

లోతు ఈ విధంగా తేలికగానే తెలుస్తుంది. కష్టమంతా అడ్డంగా పక్కపక్కన ఉన్న రెండు బిందువులను విడదీసి చూపడంలో ఉన్నది. దీనిని పార్శ్వ పృథక్కరణ శక్తి అంటారు. స్థూలంగా చెప్పాలంటే, విడదీయగల కనిష్ఠ దూరం = తరంగదైర్ఘ్యం × లోతు ÷ ద్వారపు వెడల్పు. 5 మెగాహెర్ట్జ్ వద్ద, ద్వారం 2 సెం.మీ. వెడల్పు ఉంటే, 4 సెం.మీ. లోతున 0.6 మి.మీ. దూరంలో ఉన్న రెండు బిందువులను విడదీయవచ్చు. అదే ద్వారంతో 12 సెం.మీ. లోతున ఈ దూరం సుమారు 1.8 మి.మీ.కు పెరుగుతుంది. కాలేయంలో లోతుగా ఉన్న చిన్న కణితిని చూడాలనుకునే వైద్యునికి ఈ తేడా చిన్నది కాదు. పౌనఃపున్యాన్ని పెంచి తరంగదైర్ఘ్యాన్ని తగ్గిద్దామంటే, పౌనఃపున్యంతో పాటు కణజాలంలో తరంగం క్షీణించడమూ పెరుగుతుంది. ఇక మిగిలిన దారి ద్వారాన్ని పెద్దది చేయడం.

సాధారణ స్కానర్‌లోని ఇబ్బంది

సాధారణ స్కానర్ బొమ్మను గీతలు గీతలుగా కడుతుంది. ప్రతి గీతకు కొన్ని పదుల ఘటకాలను, ఒకదాని తరువాత ఒకటి అతి స్వల్ప ఆలస్యంతో మోగిస్తుంది. అంచులలోని ఘటకాలు ముందు, నడుమవి వెనుక మోగితే, తరంగాలన్నీ ఒక నిర్ణీత లోతుకు ఒకే క్షణాన చేరి అక్కడ పుంజం సన్నబడుతుంది. ఆ చోటును నాభి అంటారు.

ప్రతిధ్వనులను స్వీకరించేటప్పుడు పరిస్థితి మెరుగు. తక్కువ లోతు నుండి వచ్చేవి ముందు, ఎక్కువ లోతు నుండి వచ్చేవి తరువాత చేరుతాయి కనుక, కాలంతో పాటు ఆలస్యాలను మార్చుకుంటూ పోతే స్వీకరణ నాభి ప్రతి లోతునా సరిగ్గా ఉంటుంది. ప్రసారంలో ఈ వెసులుబాటు లేదు. వెళ్ళిన తరంగం విల్లు విడిచిన బాణం; మధ్యలో దాని నాభిని మార్చలేము. అందుచేత నాభి వద్ద బొమ్మ స్పష్టంగాను, దానికి పైన, కింద మసకగాను ఉంటుంది. స్కానింగ్ తెర అంచున నాభిని సూచించే చిన్న గుర్తును వైద్యులు పైకీ కిందకీ జరుపుతూ ఉండటానికి కారణం ఇదే.

ఒకే గీతకు మూడు నాలుగు నాభులతో మూడు నాలుగు సార్లు తరంగాన్ని పంపవచ్చు. కాని దానికి మూల్యం కాలం. 15 సెం.మీ. లోతు వరకు చూడాలంటే ఒక్కొక్క ప్రసారానికి 195 మైక్రోసెకనులు పడుతుంది. అంటే సెకనుకు సుమారు 5000 ప్రసారాలకు మించి వీలుకాదు. 128 గీతల బొమ్మ అయితే సెకనుకు 40 బొమ్మలు వస్తాయి. గీతకు మూడు నాభులు పెడితే 13 బొమ్మలే. కొట్టుకుంటున్న గుండె కవాటాన్ని చూడటానికి అది చాలదు. ఎంత శక్తివంతమైన కంప్యూటరును తగిలించినా ఈ హద్దు కదలదు, ఎందుకంటే అది ధ్వని వేగం విధించిన హద్దు.

రాడార్ నుండి వైద్యానికి

ఈ ఆలోచన వైద్యంలో పుట్టలేదు. 1951లో అమెరికాలోని గుడ్‌ఇయర్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో పనిచేస్తున్న కార్ల్ వైలీ అనే ఇంజనీరు, కదులుతున్న విమానంపై ఉన్న చిన్న యాంటెన్నా వేర్వేరు చోట్ల నుండి అందుకున్న ప్రతిధ్వనులను కలిపితే, అది విమానం ప్రయాణించిన దూరమంత పొడవైన యాంటెన్నాతో సమానమవుతుందని గ్రహించాడు. ఇదే సింథటిక్ ఎపర్చర్ రాడార్. ఖగోళశాస్త్రంలో మార్టిన్ రైల్ కేంబ్రిడ్జిలో విడివిడి రేడియో దూరదర్శినులను కలిపి పెద్ద ద్వారాన్ని సంశ్లేషించాడు. ఈ కృషికి 1974లో ఆంటొనీ హ్యూయిష్‌తో పాటు భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నాడు. మేఘాల గుండా భూమిని చూడగల రిశాట్-1 ఉపగ్రహం (2012), భారత్, అమెరికా కలిసి నిర్మించిన నైసార్ (2025) ఈ రాడార్ సూత్రంపైనే పనిచేసేటట్లు తయారయ్యాయి. రెండూ శ్రీహరికోట నుండే నింగికి ఎగిరాయి.

వైద్యంలో ఈ పద్ధతిని ప్రయత్నించిన తొలివారిలో బుర్ఖార్ట్, గ్రాన్‌షాంప్, హాఫ్‌మన్‌లు ఉన్నారు. వీరు 1974లో 2 మెగాహెర్ట్జ్ ప్రయోగాత్మక పరికరాన్ని వర్ణిస్తూ పత్రం ప్రచురించారు. 1970లలోనే లోహపు భాగాలలో పగుళ్ళను వెదికే ఇంజనీర్లు దీనిని వాడసాగారు. వైద్యంలో మాత్రం పని నెమ్మదిగా సాగింది. ఇందుకు కారణాలు ముఖ్యంగా రెండు: ఒక్క ఘటకం పంపే తరంగం బలహీనం, రోగి శరీరం ఇనుప దిమ్మెవలె కదలకుండా ఉండదు. 1990లలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఒడోనెల్, కారమన్ తదితరులు తక్కువ ఛానెళ్ళతో పనిచేసే చిన్న పరికరాలకు ఈ పద్ధతి అనువైనదని చూపారు. రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టం చివర గుండ్రంగా అమర్చిన ఘటకాలకు కూడా దీనిని వర్తింపజేశారు. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో యోర్గెన్ ఆరెంట్ యెన్సెన్ బృందం 1990ల చివరి నుండి దీనిని మనుషులపై ఉపయోగించదగిన స్థాయికి తెచ్చింది. ఆ బృందం నిర్మించిన రాస్మస్ అనే పరిశోధక స్కానర్ 64 ఛానెళ్ళలోని ప్రతిధ్వనులను సెకనుకు 4 కోట్ల నమూనాల చొప్పున భద్రపరచగలిగేది.

పనిచేసే తీరు

ప్రోబ్‌లోని ఒక ఘటకాన్ని మాత్రమే మోగించామనుకుందాం. దాని వెడల్పు తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉండటం వలన తరంగం సన్నని పుంజంగా కాక, చెరువులో రాయి వేసినప్పటి అలవలె అన్ని వైపులకూ వ్యాపిస్తుంది. చూడదలచిన ప్రాంతమంతా ఒక్క ప్రసారంలోనే ధ్వనితో తడుస్తుంది. తిరిగివచ్చే ప్రతిధ్వనులను 128 ఘటకాలూ విని, విన్నదంతా భద్రపరుస్తాయి.

ఇప్పుడు బొమ్మలో ఏదో ఒక బిందువును తీసుకుందాం. మోగిన ఘటకం నుండి ఆ బిందువుకు దూరం తెలుసు. ఆ బిందువు నుండి విన్న ఒక్కొక్క ఘటకానికి దూరమూ తెలుసు. రెంటినీ కూడి ధ్వని వేగంతో భాగిస్తే, ఆ బిందువు ప్రతిధ్వని ఆ ఘటకానికి ఏ క్షణాన చేరవలెనో తెలుస్తుంది. ఉదాహరణకు, బిందువు మోగిన ఘటకానికి సరిగ్గా కింద 40 మి.మీ. లోతున ఉందనుకుందాం. అదే ఘటకానికి ప్రతిధ్వని 80 ÷ 1.54 = 51.9 మైక్రోసెకనులకు వస్తుంది. పక్కకు 10 మి.మీ. దూరంలో ఉన్న ఘటకానికి, పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం తిరుగుదారి 41.23 మి.మీ. కనుక, మొత్తం 81.23 ÷ 1.54 = 52.7 మైక్రోసెకనులకు వస్తుంది. తేడా 0.8 మైక్రోసెకను. చూడటానికి అల్పమే, కాని 5 మెగాహెర్ట్జ్ తరంగానికి అది నాలుగు పూర్తి కంపనాలతో సమానం. ఈ తేడాను సరిచేయకుండా కూడితే బొమ్మ రాదు.

ప్రతి ఘటకపు రికార్డు నుండి సరియైన క్షణంలోని విలువను తీసి కూడితే ఆ బిందువు తీవ్రత వస్తుంది. అన్ని బిందువులకు ఇలా చేస్తే ఒక పూర్తి బొమ్మ వస్తుంది. కాని ప్రసారంలో కేంద్రీకరణ లేదు కనుక అది మసక బొమ్మ. తరువాత రెండవ ఘటకాన్ని మోగించి మరొక మసక బొమ్మ, మూడవదానితో మరొకటి... ఇలా ద్వారమంతటా సాగి, చివరకు మసక బొమ్మలన్నిటినీ కూడితే స్పష్టమైన బొమ్మ తేలుతుంది. వేర్వేరు క్షణాలలో మోగిన ఘటకాలు, లెక్కలో మాత్రం ఒక్కుమ్మడిగా, ప్రతి బిందువుకూ గురిచూసి మోగినట్లు అవుతుంది.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడే విషయం ఒకటి ఉన్నది. నాలుగు మసక ఫోటోలను కలిపితే అవి మసకగానే ఉంటాయి గదా, ఇవి ఎలా స్పష్టమవుతాయి? కిటుకు ఏమంటే, ఇక్కడ కూడేది తెరపై కనబడే వెలుగునీడలను కాదు. తరంగపు ఎత్తుపల్లాలను, అంటే ధన ఋణ విలువలను, వాటి దశతో సహా కూడుతున్నాము. బిందువు నిజంగా ఉన్న చోట అన్ని శిఖరాలూ కలిసి బలపడతాయి. లేని చోట శిఖరాలు, లోయలు కలిసి రద్దవుతాయి. మసకదనంలో చాలా భాగం ఈ రద్దులో పోతుంది. దశను పారవేసి వెలుగును మాత్రమే కూడితే ఈ లాభం రాదు.

అతి సరళమైన రూపంలో ఏ ఘటకం మోగితే అదే వింటుంది. తొలినాటి పరికరాలు ఇలాంటివే. దీనికి ఎలక్ట్రానిక్ సామగ్రి తక్కువ చాలు. కాని ప్రయాణం రానూపోనూ జరగడం వలన దశలోని తేడా రెట్టింపు అవుతుంది. కనుక ఘటకాల నడుమ దూరం తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతుకు మించితే బొమ్మలో లేని చోట దొంగ బింబాలు తలెత్తవచ్చు. ఒకటి మోగి అన్నీ వినే పద్ధతే నేడు ప్రధానం.

బలహీన సంకేతం

5 మెగాహెర్ట్జ్ తరంగం 10 సెం.మీ. లోతుకు పోయి తిరిగివచ్చేసరికి సుమారు 50 డెసిబెల్‌లు క్షీణిస్తుంది, అనగా దాని ఎత్తు దాదాపు మూడువందలవ వంతు అవుతుంది. అరవై నాలుగు ఘటకాలు కలిసి మోగినప్పుడే ఇది కష్టం. ఒక్కటే మోగితే వచ్చే ప్రతిధ్వని ఎలక్ట్రానిక్ రొదలో మునిగిపోతుంది. లెక్క వేసి చూస్తే, 64 ఘటకాలు ఒక్కొక్కటిగా మోగి 64 వినే పద్ధతిలో, అన్నిటినీ కూడిన తరువాత కూడా, రొదతో పోల్చిన సంకేత బలం సాధారణ కేంద్రీకృత గీతలో కన్నా ఎనిమిది రెట్లు (18 డెసిబెల్‌లు) తక్కువగా ఉంటుంది. ఒకటి మోగి అదే వినే పద్ధతిలో ఈ లోటు 64 రెట్లు.

దీనికి రెండు ఉపాయాలు ఉన్నాయి. మొదటిది మిథ్యా జనకం. ఒక్క ఘటకానికి బదులు పక్కపక్కనున్న కొన్ని ఘటకాలను, నడుమది ముందు, అంచులవి వెనుక మోగేటట్లు చేస్తే, తరంగం ప్రోబ్ వెనుకనున్న ఒక ఊహా బిందువు నుండి పుట్టినట్లు విప్పారుతుంది. దర్పణంలో కనబడే మిథ్యా ప్రతిబింబం అద్దం వెనుక ఉన్నట్లు తోచడం వంటిదే ఇది. లెక్కలలో ఆ ఊహా బిందువునే జనకంగా తీసుకుంటే సరిపోతుంది. తరంగం ఒక్క ఘటకం నుండి వచ్చినట్లే వ్యాపిస్తుంది, బలం మాత్రం అనేక ఘటకాలది. సాధారణ నాభిని కూడా మిథ్యా జనకంగా భావించవచ్చు: తరంగాలు నాభికి కుదించుకుపోయి, అక్కడ నుండి మళ్ళీ విప్పారుతాయి.

రెండవది సంకేతితమైన పొడవాటి స్పందం. క్షణకాలపు స్పందానికి బదులు, పౌనఃపున్యం క్రమంగా పెరిగే ఒక పొడవైన రాగాన్ని పంపి, తిరిగివచ్చిన తరువాత దానిని తగిన వడపోతతో మళ్ళీ పొట్టి స్పందంగా కుదిస్తారు. గబ్బిలాల అరుపులలో కూడా పౌనఃపున్యం ఇలా మారుతూ ఉంటుంది. తరంగపు ఎత్తు పెంచకుండానే పంపే శక్తి పెరుగుతుంది. ఎత్తును ఇష్టం వచ్చినంత పెంచడానికి వీలు లేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ నియమాల ప్రకారం యాంత్రిక సూచిక 1.9ని, కాల సగటు తీవ్రత చదరపు సెంటీమీటరుకు 720 మిల్లీవాట్లను మించరాదు.

కదలిక

ఒక బొమ్మకు 64 ప్రసారాలు కావాలంటే, సెకనుకు 5000 చొప్పున, సుమారు 13 మిల్లీసెకనులు పడుతుంది. ఈలోగా కణజాలం సెకనుకు 1 సెం.మీ. వేగంతో ప్రోబ్ వైపు జరిగినా, 0.13 మి.మీ. దగ్గరవుతుంది. రానూపోనూ అది 0.26 మి.మీ., అంటే తరంగదైర్ఘ్యంలో ఐదింట నాలుగు వంతులకు పైగా. మొదటి మసక బొమ్మలోని శిఖరం చివరి బొమ్మలోని లోయపై పడి, బలపడవలసిన చోటే రద్దు జరుగుతుంది. దశపై ఆధారపడటం ఈ పద్ధతికి బలమెంతో బలహీనత కూడా అంతే. ఊపిరి బిగపట్టిన రోగి కాలేయం వద్ద ఇది భరించదగినదే. గుండె గోడ ఇంతకు పదింతల వేగంతో కదలగలదు.

అందుకే ఆచరణలో ప్రసారాల సంఖ్యను బాగా తగ్గించి, ఎనిమిది లేదా అంతకు తక్కువ మిథ్యా జనకాలతో సరిపెట్టడం, లేదా వరుస బొమ్మలను పోల్చి కదలికను కొలిచి, కూడేముందు దానిని సరిచేయడం చేస్తారు. రెండవది అందమైన ఉపాయమే గాని, కొలత తప్పితే బొమ్మ మొదటికన్నా పాడవుతుంది.

రక్త ప్రవాహం

మామూలు కలర్ డాప్లర్ స్కానింగ్‌లో ప్రతి గీత వెంట అనేకమార్లు తరంగాలను పంపి, రక్తకణాల ప్రతిధ్వని దశలోని మార్పును కొలుస్తారు. పుంజం ఒక గీత నుండి మరొక గీతకు పోతూ ఉండాలి కనుక ఏ ఒక్క చోటునూ ఎక్కువసేపు గమనించడానికి వీలుండదు. పైగా పుంజం వెంబడి ఉన్న వేగమే తెలుస్తుంది. మెడలోని ధమని చర్మానికి సమాంతరంగా పోతుంది కనుక, అక్కడ అసలు వేగంలో చాలా భాగం ఈ కొలతకు అందదు.

సింథటిక్ ఎపర్చర్‌లో ప్రతి ప్రసారమూ ప్రాంతమంతటినీ తాకుతుంది. కొద్దిపాటి ప్రసారాలను ఆపకుండా మళ్ళీ మళ్ళీ చేస్తూ పోతే ప్రతి బిందువు నుండీ ఎడతెగని సమాచారం దొరుకుతుంది. కొత్త మసక బొమ్మ వచ్చినప్పుడల్లా అతి పాతదానిని తీసివేసి కొత్తదానిని కలిపితే, ప్రతి ప్రసారానికీ ఒక తాజా స్పష్టమైన బొమ్మ ఉంటుంది. ఈ పునరావృత పద్ధతిని నికొలోవ్, గామెల్‌మార్క్, యెన్సెన్ 1999లో ప్రతిపాదించారు. అంతేకాక, భద్రపరచిన సమాచారం నుండి ఏ దిశలోనైనా గీత గీసి, ఆ గీత వెంట రక్తం జరిగిన దూరాన్ని కొలవవచ్చు. అందువలన ప్రవాహపు వేగంతో పాటు దిశ కూడా తెలుస్తుంది. ధమని ఇరుకైన చోట ఏర్పడే సుడులను ఈ విధంగా చూడవచ్చు. ఈ పద్ధతి ఇచ్చే లాభాలలో అతి విలువైనది ఇదేనని చెప్పవచ్చు.

లెక్కల భారం

512 × 256 బిందువుల బొమ్మకు, 128 ఘటకాలు వింటుంటే, ఒక్క ప్రసారానికి 1.68 కోట్ల విలువలను వెదకి కూడాలి. సెకనుకు 5000 ప్రసారాలకు ఇది సుమారు 8,400 కోట్లు. రాస్మస్ కాలంలో సమాచారాన్ని ముందు భద్రపరచి తరువాత తీరికగా లెక్కించవలసి వచ్చేది. రోగి ఇంటికి వెళ్ళిన తరువాత బొమ్మ తయారయ్యేది. ఆటల కోసం అభివృద్ధి చెందిన గ్రాఫిక్స్ ప్రాసెసర్లు ఈ పనికి చక్కగా అమరాయి, ఎందుకంటే ప్రతి బిందువు లెక్కా మిగతావాటితో సంబంధం లేకుండా చేయవచ్చు.

భారాన్ని తగ్గించే మరొక మార్గం రెండంచెల పద్ధతి. ప్రోబ్‌లోనే ఒక స్థిరమైన నాభితో సరళంగా గీతలను కూడి, ఆ కొద్ది సమాచారాన్ని మాత్రమే బయటకు పంపుతారు. బయటి కంప్యూటరు ఆ నాభిని మిథ్యా జనకంగా తీసుకుని రెండవ అంచెలో బొమ్మకు స్పష్టత తెస్తుంది. తీగ లేకుండా ట్యాబ్లెట్‌కు బొమ్మను పంపే చేతి స్కానర్ల వంటి వాటికి ఇది అనువైనది.

దగ్గరి పద్ధతులు

ఒక్కొక్క ఘటకానికి బదులు అన్ని ఘటకాలనూ ఒకేసారి మోగిస్తే చదునైన తరంగం బయలుదేరుతుంది. దానిని కొద్దికొద్దిగా వేర్వేరు కోణాలకు వంచి పంపి, వచ్చిన బొమ్మలను దశతో సహా కూడటాన్ని సమతల తరంగ సంయోజనం అంటారు. పారిస్‌లో మోంటాల్డో, టాంటర్, ఫింక్ తదితరులు 2009లో దీనిని విశదీకరించారు. దీనికి వేరే పేరు స్థిరపడినా, సూత్రం ఒక్కటే: సమతల తరంగం అనంత దూరాన ఉన్న మిథ్యా జనకం నుండి వచ్చినట్లే. అన్ని ఘటకాలూ మోగుతాయి కనుక సంకేతం బలంగా ఉంటుంది. కణజాలపు గట్టిదనాన్ని కొలిచే ఎలాస్టోగ్రఫీకి సెకనుకు వేల బొమ్మలు కావలసి వచ్చినప్పుడు ఇటువంటి తరంగాలనే వాడతారు.

త్రిమితీయ చిత్రణలో ఘటకాలను చదరంగపు బల్లవలె రెండు దిశలలో అమర్చాలి. వరుసకు 128 చొప్పున అమర్చితే 16,384 ఘటకాలు అవుతాయి. ప్రతిదానికీ ఒక తీగ తగిలించడం సాధ్యం కాదు. అడ్డవరుసలకు ఒక్కొక్క తీగ, నిలువు వరుసలకు ఒక్కొక్క తీగ మాత్రమే తగిలిస్తే 256 తీగలు చాలు. అడ్డవరుసలు ఒక్కొక్కటిగా మోగుతుంటే నిలువు వరుసలు వింటాయి. ప్రసార దిశలో కేంద్రీకరణను సింథటిక్ ఎపర్చర్ లెక్కలే సమకూరుస్తాయి.

వైద్యేతర రంగంలో, వెల్డింగ్ అతుకులను, పైపు గోడలను పరీక్షించే ఇంజనీర్లు ప్రతి ఘటకాన్నీ విడిగా మోగించి, అన్నిటితో విని, ఆ సమాచారమంతటినీ ఒక పూర్తి మాత్రికగా భద్రపరుస్తారు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన హోమ్స్, డ్రింక్‌వాటర్, విల్‌కాక్స్ 2005లో ప్రచురించిన ఈ పద్ధతి, ఒక ఘటకం మోగి అన్నీ వినే వైద్య పద్ధతికి సోదరి వంటిది. ఉక్కు కదలదు కనుక అక్కడ కదలికను సరిచేసే అవస్థ లేదు. ఉక్కులో ధ్వని వేగం సెకనుకు 5,900 మీటర్లకు దగ్గరగా ఉండటం వలన ప్రతిధ్వనులు కూడా త్వరగా తిరిగివస్తాయి.